ఉప్పాయన రుచి చూసిన పొడి

చిప్స్ కార్ఖానాలో ఆయన్ని అందరూ ఉప్పాయన అనేవారు. మూకుట్లోంచి తీసిన చిప్స్‌ని వెడల్పాటి రేకు పళ్లెంలో పరిస్తే, పిడికెడు ఉప్పు తీసి ఒక్క విసురులో సమంగా జల్లేవాడు. ఇరవయ్యారేళ్ల అలవాటు. తూకం లేదు, చెంచా లేదు, చెయ్యే కొలత. నాలుక ఎప్పుడో మొద్దుబారిపోయిందని ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే ఆయనకే తెలియదు.

పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. గేటు దగ్గర గొలుసుతో కట్టేసి ఉండే గోధుమరంగు ఆడకుక్కే ఆయన లోకం. దాన్ని అమ్మడూ అని పిలిచేవాడు. ఉప్పటివి కుక్కలకి పడవని ఎవరో చెప్పగా విన్నాడు. అందుకని ఏది పెట్టినా ముందు తను నోట్లో వేసుకుని చూసేవాడు. ఇంత జాగ్రత్త మనలో ఎంతమందికుంది చెప్పండి!

ఆ శనివారం పళ్లెం అడుగున మిగిలిన నలుసులూ పొడీ చాలా పోగయ్యాయి. వేలితో అద్దుకుని నాకాడు. చప్పగా తగిలింది. సోమవారం పెట్టడానికని కాస్త పొట్లం కట్టి జేబులో దాచి, మిగిలింది గిన్నెడు కుక్క ముందు పెట్టాడు.

"తిను అమ్మడూ, ఏం కాదు."

అది ఆబగా తినేసింది. తొట్టిలో నీళ్లు అడుగంటిన సంగతి చూసుకోకుండా ఆయన ఇంటికెళ్లిపోయాడు. మర్నాడు కార్ఖానాకి సెలవు.

సోమవారం పొద్దున వచ్చేసరికి అది కాళ్లు కొట్టుకుంటోంది. ఆయనా, మూకుడు దగ్గర పనిచేసే చెల్లెమ్మా పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లారు.

"ఉప్పటివేమైనా తిందా?" అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా. రుచి చూసే పెట్టాను" అంటూ పొట్లం తీసి చూపించాడు.

చెల్లెమ్మ చిటికెడు నోట్లో వేసుకుని, బయటికి పరిగెత్తి ఉమ్మేసింది. "ఇది పొడి కాదన్నయ్యా, ఉత్త ఉప్పే."

"ఒకటో రెండో చిప్స్ తింటే ఏమయ్యేది కాదు. ఇంత ఉప్పు తిని, పైగా నీళ్లు కూడా లేకపోతే మెదడు దెబ్బతింటుంది" అంది డాక్టరమ్మ.

సెలైన్ పెట్టినా లాభం లేకపోయింది. మధ్యాహ్నానికి అమ్మడు పోయింది. ఆయన తన పాపిష్టి నాలుకని తిట్టుకుంటూ వెక్కివెక్కి ఏడ్చాడు.

సంగతి యజమాని చెవిన పడింది. మర్నాడు ఉప్పు డబ్బా చెల్లెమ్మ చేతికిచ్చాడు.

"మరి నేనేం చెయ్యనండీ?" అన్నాడు ఉప్పాయన.

"గేటు దగ్గర కుక్క లేదుగా. అక్కడ కూర్చో."

పనివాళ్లు పగలబడి నవ్వారు. యజమాని నవ్వలేదు. ఆ పెద్దమనిషి వేళాకోళానికి అనలేదు మరి. ఉప్పాయన వెళ్లి, గొలుసు పక్కకి జరిపి, గేటు దగ్గర కూర్చున్నాడు.