గొంతు మీద చేయి

లింగాల దగ్గరి ఆ ఊళ్లో ఒకటో తరగతి చెప్పే సంజీవమ్మ, పిల్లలకు బలపం ఇచ్చే ముందు వాళ్ల చేతిని పట్టుకునేది. ఆ చేతిని తన గొంతు మీద పెట్టుకుని 'మ్' అని సాగదీసేది. 'ప' అయితే పెదాల ముందు ఉంచి, ఊపిరి తగిలేలా పలికేది. ఆమె మెడ మీద ఎప్పుడూ బలపం పొడి అంటిన చిన్న చిన్న వేళ్ల గుర్తులుండేవి. ఊరు రెండు పార్టీలై బాంబులేసుకుంటున్న ఆ ఏళ్లలో రెండు వర్గాల పిల్లలూ ఆ గొంతునే తడిమి అక్షరాలు నేర్చుకున్నారు.

ఒక వర్గానికి పెద్దయిన గంగులయ్య కూతురు గౌరి మాత్రం, చిన్నాన్నను కళ్లెదుటే నరికినప్పటి నుంచి నోరు విప్పలేదు. అయినా సంజీవమ్మ రోజూ ఆ పిల్ల చేతిని తన గొంతుకు ఆనించుకునేది. ఎన్నికల ముందు ఒకనాడు గంగులయ్య తన మనుషులతో జీపులో వచ్చాడు.

"పాపను పులివెందులకు పంపిస్తాండా టీచరమ్మా. ఈడుంటే బతకనియ్యరు."

"ఈ ఒక్క మాట అయిపోనీ అప్పా," అంటూ ఆమె నాగలి బొమ్మ గీసి కింద పేరు రాసిన పలక చూపింది.

గౌరి ఒక చేయి టీచరు గొంతు మీద, ఇంకో చేయి తన గొంతు మీద పెట్టుకుంది. "మ... డ... క. మడక!" అంది.

గంగులయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చి, పిల్లల వెనక కూలబడ్డాడు. బయట జీపు హారన్ మోగుతూనే ఉంది.

"ఇంకోటి సదివించు తల్లీ," అన్నాడు.

ఆ సాయంత్రమే గౌరి ఊరు విడిచింది. దారి పొడవునా గోడల మీది రెండు పార్టీల రాతల్లోనూ తనకొచ్చిన అక్షరాలను వెతికి గట్టిగా చదువుతూ పోయింది. జీపులోని మగవాళ్లెవరూ ఆ పిల్లను ఆపలేదు.