చీటీల బాబాయి సొంత చీటీ

ఆ సోమవారం ఉదయం చీటీల బాబాయి శాసనసభలో ఎడమవైపు నలభై మూడో బల్ల మీది పేరు పలక ఊడదీసి, కుడివైపు పన్నెండో బల్లకి బిగించాడు. నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని. పలక మీద ఉన్నది తన ప్రాంతం ఎమ్మెల్యే పేరు.

బాబాయి సభలో అటెండరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. సభ నడుస్తుండగా సభ్యులు ఒకరికొకరు, మంత్రులకూ స్పీకరుకూ రాసుకునే చీటీలు మోయడం ఆయన పని. లోపల ఆయన నోరు విప్పకూడదు, చేతిలోని చీటీ విప్పకూడదు. రెండూ ఏనాడూ తప్పలేదు. మూల నిలబడి ఎవరు చెయ్యెత్తుతారా అని చూస్తుంటాడు.

ఆయన కాపురమున్న కాలనీ మీదుగా పెద్ద రోడ్డు వేయాలని ప్రభుత్వం మూడేళ్ల క్రితమే మ్యాపు మీద గీత గీసింది. ఆ గీత కింద మూడు వందల పన్నెండు ఇళ్లున్నాయి. ఎన్నికలప్పుడు ప్రతిపక్షం అభ్యర్థి కాలనీ మలుపులో నిలబడి, "బుల్డోజరు వస్తే దాని ముందు మొదట పడుకునేది నేనే" అన్నాడు. బాబాయి భార్య నమ్మింది. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి పద్దెనిమిది రోజులు గడపగడపకీ తిరిగింది. ఆయన గెలిచాడు. పదకొండు నెలలు తిరక్కుండా గోడ దూకి పాలకపక్షంలో చేరాడు. నియోజకవర్గం అభివృద్ధి కోసమేనట.

కాలనీవాళ్లు మూడుసార్లు ఆయన ఆఫీసుకి వెళ్లారు. మూడుసార్లూ సార్ మీటింగులో ఉన్నారు. పాత పార్టీవాళ్లు ఆయన సభ్యత్వం రద్దు చేయమని స్పీకరుకి పిటిషన్ ఇచ్చారు. అది అలమరాలో ఉంది. ఎన్నాళ్లుంటుందో బాబాయికి తెలుసు. కిందటి సభలో ఇలాంటివే ఏడు ఫైళ్లు తేలకుండానే సభ గడువు ముగిసింది. వాటిని గోనెసంచిలో మూటకట్టి స్టోరుగదిలో పడేసింది ఆయనే.

"పలక మీ చేత్తోనే బిగించారా?" సాయంత్రం భార్య అడిగింది.

"నేను కాకపోతే ఇంకొకడు బిగిస్తాడు."

"ఒక స్క్రూ కుర్చీలో మొన పైకి పెట్టి రావాల్సింది."

పక్కింటావిడ పిట్టగోడ అవతల నుంచి అందుకుంది. "వదినా, ఓటెయ్యమని నువ్వు పట్టుకున్న గడ్డం నాకింకా నొప్పెడుతూనే ఉంది!"

పక్కింటావిడ నవ్వింది. భార్య నవ్వలేదు. లోపలికొచ్చి గొంతు తగ్గించింది.

"ఆయన మీకు నాలుగడుగుల దూరంలోనే కదండీ కూర్చునేది? ఒక్క మాట అడగలేరా?"

"సభలో మాట్లాడకూడదే."

"మాట్లాడమన్నానా? రాయండి. అందరి చీటీలూ మోస్తారుగా, అందులో మనదీ ఒకటి మోయండి."

"ఉద్యోగం పోతుంది."

"ఇల్లు ఉంటుందా మరి?"

గురువారం కాలనీ నీళ్ల ట్యాంకుకి నోటీసు అంటించారు. పధ్నాలుగో తేదీన కొలతలు. మర్నాడు టీ విరామంలో బాబాయి సభ చీటీల పుస్తకంలోంచే ఒక కాగితం చింపాడు. "అయ్యా, మా కాలనీలో మూడు వందల పన్నెండు ఇళ్లున్నాయి. పధ్నాలుగున కొలవడానికి వస్తున్నారు. మీరొక మాట చెప్పి ఆపించండి" అని రాసి, కింద తన పేరుకి బదులు కాలనీ పేరు పెట్టాడు. సభ మళ్లీ మొదలయ్యాక, ఎమ్మెల్యేకి వచ్చిన మరో రెండు చీటీల కింద దాన్ని చేర్చి, పన్నెండో బల్ల మీద పెట్టాడు.

ఎమ్మెల్యే మొదటిది చూసి నవ్వాడు. రెండోది జేబులో పెట్టుకున్నాడు. మూడోది రెండుసార్లు చదివాడు. దాని కిందే ఏదో రాసి, మడిచి, పైన రోడ్ల మంత్రిగారి హోదా వేసి, వెనక్కి చూడకుండానే భుజం మీదుగా చాచాడు. బాబాయి అందుకుని అక్కడే ఆగిపోయాడు.

"ఏంటయ్యా, నిలబడిపోయావు? మంత్రిగారికి ఇవ్వు."

మంత్రి బల్ల ఇరవై అడుగుల దూరం. దారిలో స్తంభం చాటున, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి బాబాయి చీటీ విప్పాడు. తన అక్షరాల కింద ఎమ్మెల్యే అక్షరాలు: "వీళ్లని నేను చూసుకుంటాను. పని మాత్రం ఆపొద్దు."

చింపేయొచ్చు. చింపితే ఆయన ఇంకోటి రాస్తాడు, లేదా లేచి వెళ్లి చెవిలో చెబుతాడు. బాబాయి దాన్ని ఎలా ఉందో అలాగే మడిచి, మంత్రి బల్ల మీద పెట్టాడు. మంత్రి చదివి, పన్నెండో బల్ల వైపు చూసి తలూపాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య గుమ్మంలో ఉంది.

"ఇచ్చారా?"

"ఇచ్చాను."

"చదివాడా?"

"చదివాడు."

"ఏమన్నాడో చెప్పరేం?"

బాబాయి చెప్పులు విప్పుతూ, "మంత్రిగారికి పంపించాడు" అన్నాడు. అబద్ధం కాదు. మిగతాది చెబుదామని తలెత్తేలోపే ఆవిడ పిట్టగోడ దగ్గరుంది.

"ఏమే, విన్నావా! మన మాట మంత్రిగారి దాకా వెళ్లింది! మీ అన్నయ్యే తీసుకెళ్లారు!"

అరగంటలో ఆ మాట వీధి చివరికి చేరింది. నలుగురైదుగురు వచ్చి బాబాయి చేతులు పట్టుకున్నారు. పైన అద్దెకుండేవాళ్లు ఖాళీ చేద్దామని కట్టుకున్న సామాను విప్పేశారు. "కాదు, అది కాదు" అని ఆయన రెండుసార్లు అన్నాడు. పెద్దమనిషి కదా, గొప్ప చెప్పుకోడనుకున్నారు.

పధ్నాలుగున తొమ్మిదింటికే కొలతలవాళ్లు దిగారు. బాబాయి సభలో ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా, కూల్చే ఇళ్లకి వేసే ఎర్ర రంగు అంకెలు నూట పద్దెనిమిదో తలుపు దాకా పడ్డాయి. బాబాయి తలుపు మీద పడింది అరవై నాలుగు.