చేతులు ఖాళీగా ఉండే ఫోను

2023 జూన్. కాలేజీ హాస్టళ్ళు తెరిచే రోజులు. ఆత్మకూరు బస్టాండు దగ్గర నాకొక సెల్‌ఫోన్ల షాపు ఉంది. సెల్లు అమ్మేవాణ్ణే గానీ ఇంట్లో నా మాట చెల్లదు. ఆ లోటు షాపులో తీర్చుకుంటాను. గిరాకీ గడప తొక్కేలోపే నా ఉపన్యాసం మొదలవుతుంది.

ఆ ఉదయం ఉదయగిరి బస్సు దిగి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే మనిషి. అమ్మాయి పేరు మౌనిక, మాట్లాడిందంతా ఆమే. నెల్లూరులో డిప్లొమా సీటు వచ్చింది, హాస్టల్ గదిలోకి ఫోను కావాలంది.

"ఎట్టాంటిది చూపియ్యమంటావన్నా?" అని పెద్దాయన్ను అడిగాను. నవ్వాడు. వినపడలేదేమోనని గొంతు పెంచాను. ఇంకా బాగా నవ్వాడు.

"సౌండు ఎట్టున్నా పర్వాలేదన్నా," అంది మౌనిక. "మాట్లాడేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాల."

దాన్ని మేము హ్యాండ్స్‌ఫ్రీ అంటాం. ఫోను పట్టుకోకుండా చెవిలో పెట్టుకుని మాట్లాడే సరంజామా. మంచి బేరం తగిలిందని ఇయర్‌ఫోన్లు, బ్లూటూత్‌లు బల్ల మీద పరిచాను. ఒకటి పెద్దాయన చెవిలో పెట్టి పాటను పూర్తి సౌండులో వదిలాను. ఆయన కదల్లేదు. పాడైందేమోనని నా చెవిలో పెట్టుకుని ఎగిరిపడ్డాను.

"మా నాయనకు పుట్టుచెవుడన్నా. మాటలూ రావు. మేం చేతులతోనే మాట్లాడుకుంటాం."

ఆయనకు వినికిడి లేక వినపడలేదు, నాకు ఉండీ వినపడలేదు. సిగ్గుపడి, వీడియో కాల్ బాగా వచ్చే ఫోను తీశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. హాస్టల్ రూలు ప్రకారం గదిలో కీప్యాడ్ ఫోనే ఉండాలట. అంటే బటన్లది. అందులో వీడియో వచ్చేది ఉంటుందేమోనని వచ్చారట; లేదన్నాను.

"అదైతే సెలవులిచ్చేదాకా నాయనతో మాటల్లేనట్టే. నేను చేరనన్నా. మిషను కుట్టుకుంటా ఇంట్లోనే ఉంటా."

తండ్రి చేతులు గబగబా ఆడాయి. ఆమెవి ఇంకా గబగబా ఆడాయి. చప్పుడు లేని ఆ పోట్లాటలో ఎవరు గెలుస్తున్నారో నాకు తెలియలేదు.

నంబరు తీసుకుని హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేశాను. "వీళ్ళది చేతులతో మాట్లాడే వ్యవహారం మేడం."

"ఏంది, కొట్టుకుంటారా?" అందావిడ.

నేను విడమరిచేకొద్దీ చిక్కు బిగిసింది. చివరికి నా ఫోన్లోనే వీడియో కాల్ చేసి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన ఏదో చెప్పాడు. ఆవిడా నేనూ ఒకే రకంగా తెల్లమొహం వేశాం.

"మీ నాయన ఏమంటుండాడమ్మా?"

"గదిలో లైటు ఎప్పుడు ఆపతారని అడగతా ఉండాడు మేడం. చీకట్లో మాకు మాటలుండవు."

ఆవిడ పెద్దాయన చేతుల వైపు మరోసారి చూసింది. తర్వాత, "లైటు ఆపే ముందు అరగంట. గదిలోనే, స్టాండుకు పెట్టి. మిగతా టైము ఫోను నా దగ్గరే ఉండాల," అంది.

నేను హుషారుగా ఖరీదైన ఫోనొకటి తెరిచాను. తండ్రి దగ్గరున్న టచ్ ఫోనుకు కాల్ కలిపి చూస్తే, తెర నిండా ముఖమే. చేతులు అంచు దాటిపోతున్నాయి. అక్కడికి మాట సగంలో తెగినట్టే. తక్కువ ధరదాంట్లో ముందు కెమెరా వెడల్పుగా పట్టింది. మోచేతులతో సహా వాళ్ళ మాటలన్నీ అందులో ఇమిడాయి. మౌనిక షాపు లోపల, తండ్రి మెట్ల మీద, నా వైపు చూసి నవ్వుకోవడం మొదలుపెట్టారు. ఆయన నోటి దగ్గర గుప్పిట తెరిచి మూసి చూపించాడు.

"అదేందమ్మా?"

"మీ పేరన్నా. ఇప్పుడే పెట్టినాడు. అరిచేటాయన!"

అప్పటినుంచి "ఎట్టాంటిది చూపియ్యమంటారు?" అని మొదలుపెట్టను. "ఎవరితో మాట్లాడాల?" అని అడుగుతాను. చాలామంది అమ్మతో, నాయనతో అని చెబుతారు. కొందరు కుర్రాళ్ళు మాత్రం మెలికలు తిరిగి, ఏమీ చెప్పకుండా పక్క షాపుకు పోతారు. బేరం పోయినా, అడగాల్సిందే అడిగానని నాకు తృప్తి.