మా నల్లదాన్ని కల్తీ అన్నారు

మా బావ హాల్లో అడుగుపెడితే ముందు కనిపించేది దేవుడి పటం కాదు, ఆయన కుక్క ఫోటో. మెళ్లో రిబ్బను, పక్కన కప్పు, వెనక కాలరెగరేసుకుని బావ. పెందుర్తిలో అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ ఫోటోకి వీపు పెట్టి కూర్చుంటాను. కాఫీ కూడా అటు తిరిగి తాగను.

అది మా నాన్న దొడ్డిలో పుట్టిన జాతి. ఎలమంచిలి అవతల కొండ వారన మాకు మేకల మంద ఉంది. నక్కల నుంచీ దొంగల నుంచీ దాన్ని కాసేవి ఈ కుక్కలే. వాటి జాతికి పేరంటూ ఉండేది కాదు, మంద కుక్కలు అనేవాళ్లం. ఒకే ఈతలో నల్లది, మచ్చలది, గోధుమ రంగుది, అన్నీ పుట్టేవి. రంగు ఎవడికి కావాలి? పిల్లలకు కాళ్లు గట్టిపడ్డాక నాన్న వాటిని అప్పుడే ఈనిన మేక దగ్గర ఒక్కోటీ వదిలేవాడు. తన పిల్ల దగ్గరికి ఎవరొచ్చినా ఆ మేక కుమ్ముతుంది కదా. కుమ్ము తిని ఎగబడి కరిచింది పనికిరాదు. తోక ముడిచి పారిపోయిందీ పనికిరాదు. కిందపడి, లేచి, మళ్లీ అక్కడే కూర్చున్నదే మందకు. మిగతావాటిని ఇంటి కాపలాకి ఎవరడిగితే వాళ్లకిచ్చేవాడు. వాటి సంతానాన్ని మాత్రం మళ్లీ దొడ్డిలోకి రానిచ్చేవాడు కాదు.

అక్క పెళ్లయ్యాక బావ ముచ్చటపడితే నాన్న ఒక జతనిచ్చాడు. బావది పోర్టులో ఉద్యోగం, మిగతా పొద్దంతా కుక్కల పిచ్చి. ఏళ్ల తరబడి కుక్కల క్లబ్బు వాళ్ల చుట్టూ తిరిగి, చివరికి దీన్నొక జాతిగా గుర్తించేలా చేశాడు. మేమూ మురిసిపోయాం, అబద్ధమెందుకు. క్లబ్బు వాళ్లు టేపులు పట్టుకుని ఊరికొచ్చిన రోజు అమ్మ నాటుకోడి వండింది. వాళ్లు తిని, మూతి తుడుచుకుని తేల్చిందేమిటంటే, జాతి కుక్క గోధుమ రంగులో ఉండాలి, మూతి నల్లగా ఉండాలి, తోక సున్నాలా తిరగాలి. మేక ఊసే లేదు.

మా నల్లది అప్పుడు దొడ్డి గుమ్మంలో పడుకుని ఉంది. వయసులో ఉన్న కుక్క. పాదాలు తెల్లన, మిగతా ఒళ్లంతా నలుపు. క్లబ్బాయన దాన్ని చూసి, "ఇది కల్తీ, ఈ జాతి కాదు" అన్నాడు. నాన్న బావ వైపు చూశాడు.

"అదేటి అల్లుడూ, నీకిచ్చిన జతలో ఆడది దీని అప్పే గదా, ఒక తల్లి కడుపునే పుట్టినాయి."

"రూల్సు మావా, నానేటి సేత్తాను," అన్నాడు బావ, నేల చూస్తూ.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాణ్ని అంత దగ్గర్నుంచి చూడటం నాకదే మొదలు. ఆ రోజు మండిన కడుపు ఇంకా ఆరలేదు. ఆరనివ్వను కూడా.

తర్వాత చుట్టుపక్కల మందలవాళ్లు సైతం క్లబ్బు కాగితం ఉన్న గోధుమ పిల్లల కోసమే ఎగబడ్డారు. మావి ఉత్తినే ఇస్తామన్నా తీసుకున్నవాడు లేడు. మా మగకుక్క పాము కరిచి పోయింది. నల్లది ఒక్కటే మిగిలింది, దానికీ వయసు మీదపడింది. ఇంకో ఈత పడకపోతే మా దొడ్డిలో మంద కుక్క అన్నదానికి అదే ఆఖరు. ఒక్కసారి మీ మగదాన్ని తీసుకురమ్మని నాన్న బావని అడిగాడు. అల్లుడి దగ్గర ఆయన చెయ్యి చాచింది అప్పుడే.

"కాగితం లేనిదాంతో కలిత్తే నా కుక్క పేరు పోద్ది మావా," అన్నాడు బావ, అక్క ముందే.

ఆ యేడు నగరంలో కుక్కల ప్రదర్శన పెట్టారు. మంద కాసే జాతి అని గొప్పలు చెప్పుకున్నారు కాబట్టి జనానికి చూపించడానికి మేకలు కావలసి వచ్చాయి. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తూ నేనుండే గాజువాక గదికి బావ వచ్చి మరీ అడిగాడు. "నానున్నాను కదా బావా, తెత్తాను," అన్నాను. అంత తియ్యగా ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు. నల్లది ఎదకొచ్చి ఉందని ఆయనకి తెలీదు.

మేకలతో పాటు దాన్నీ ఆటోట్రాలీ ఎక్కించాను. బావ కుక్క షాంపూ వాసనతో మైదానంలోకి వచ్చింది. మైకులో దాని పౌరుషం గురించి చెబుతున్నారు. నల్లదాని తాడు వదిలేశాను. బావ కుక్క గొలుసు లాక్కుని వచ్చింది, జడ్జీల బల్ల ముందే రెండూ జతకట్టాయి. జతకట్టిన కుక్కల్ని విడదీయడం బ్రహ్మతరం కాదు. జనం సెల్‌ఫోన్లు పైకెత్తారు. మైకాయన మైకు కట్టేశాడు.

"దీన్నెందుకు తెచ్చేవురా," అని బావ పళ్లు కొరికాడు.

"కల్తీది కదా బావా, లెక్కలోకి రాదనుకున్నాను."

ఆ మాట అనడం కోసం చాన్నాళ్లు కాచుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

నల్లదానికి ఐదు పిల్లలు పుట్టాయి. నాన్న నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. "సూద్దాం" అన్నాడంతే. అవి నడుస్తున్నాయనగానే సెలవు పెట్టి ఊరెళ్లాను. ఈనిన మేక ముందు నాన్న ఒక్కోదాన్నీ వదిలాడు. మొదటిది మేకపిల్ల చెవి పట్టుకుంది. రెండోది కుయ్యోమని దడి కింద దూరింది. మూడోదీ అంతే. చివరి రెండూ నల్లవి, అచ్చం తల్లి పోలిక, అవైనా నిలబడతాయనుకున్నాను. మేక తల వంచగానే రెండూ పరుగే. రంగు చూసి, తోక చూసి జతలు కలుపుకుంటూ పోయిన బావ ఇన్నేళ్లలో ఒక్క పిల్లనీ మేక ముందు వదిలి చూడలేదు.

నాన్న దడి తలుపు వేశాడు. "ఆడి పిల్లల్ని ఆడికే ఇచ్చీ," అన్నాడు.

నేనివ్వలేదు. అవి ఎవరి కంటా పడనివ్వొద్దని బావ అక్క చేత ఫోన్ చేయించాడు. అందుకే ఐదింటినీ తెచ్చి గాజువాక షేర్ ఆటోల స్టాండులో వదిలాను. డ్రైవర్లు బజ్జీ ముక్కలు పడేస్తారు, ఆటోల నీడన పడుకుంటాయి. వాటి తండ్రి ఎవరో అడిగినవాడికీ చెబుతాను, అడగనివాడికీ చెబుతాను.

నల్లది మొన్న వర్షాలకి పోయింది. నాన్న మంచం దొడ్డిలోకి మార్చుకున్నాడు, పక్కన కర్ర పెట్టుకుని. నక్క కూస్తే ఇప్పుడు లేచేది ఆయనే.