ఆశ వదులుకో వదినా!

మా మరిది చక్రధర్‌కు ఏదైనా బాగుపడుతుందన్న నమ్మకం పుట్టుకతోనే లేదు. మామిడి విరగబూస్తే తోటలో నిలబడి "రాలిపోతాది" అంటాడు. తన పెళ్లిలో తాళి కట్టి లేచి, ఫోటోగ్రాఫర్‌తో "ఫోటోలు రావులే అబ్బా" అన్నాడు. అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. ఇతని ఏడుపు ముఖం కూడా.

ఇలాంటివాడు చిత్తూరులో మా వీధికంతా కంప్యూటర్ వైద్యుడు. తనకూ నాకూ ఒకే రకం కంప్యూటర్ పెట్టెలు కొని, లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ఆ రోజే "ఎన్నాళ్లుంటాదో!" అని నిట్టూర్చాడు.

చివరికి ఇతని నోటి మాటే నిజమైంది. నా పెట్టె పనిచేస్తూ పనిచేస్తూ ఆగిపోయి, దానంతటదే మళ్లీ మొదలవుతోంది. నేను పాఠాలు చెప్పే బడిలో జాహ్నవి అనే పిల్లకు చూపు లేదు. పదో తరగతి పాఠాలన్నీ ఆ పిల్ల కోసం చదివి రికార్డు చేస్తున్నాను. ఆ రికార్డులు తెరిచి వింటే, పాఠం మధ్యలో నా గొంతుకు బదులు గరగర. పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఏడుపొక్కటే తక్కువ నాకు.

చక్రధర్ వచ్చి పెట్టె విప్పాడు.

"ఆశ వదులుకో వదినా."

"ముందు ఏమైందో చెప్పబ్బా!"

"వేడెక్కతా ఉండాదేమోనని చూసినా. కాదు. కరెంటు సరఫరా మార్చి చూసినా. అదీ కాదు. ర్యామ్‌కు, అదే దాని జ్ఞాపకం చిప్పుకు, పరీక్ష పెడితే తెర నిండా ఎర్ర గీతలే. నువ్వొకటి ఇస్తే అదొకటి రాస్తా ఉండాది. ఫైళ్లు చెడేది అందుకే."

"కొత్తది కొందాం."

"ఇది పాత రకం. ఈడా దొరకదు, తిరపతిలోనూ దొరకదు. దొరికినా, అదీ పోతాది."

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి పెట్టె నిక్షేపంగా పనిచేస్తోంది.

"ఏం చేసినావబ్బా?"

"దుమ్ము తుడిచినా. నమ్మొద్దు. రేపటికి పోతాది."

పోలేదు. చెడిన పాఠాలన్నీ మళ్లీ చదివాను. ఇతను మాత్రం రోజూ గుమ్మంలో నిలబడి "పోయిందా?" అనేవాడు. "లేదు" అంటే, "పోతాదిలే" అని వెళ్లిపోయేవాడు. ఒళ్లు మండేది.

జాహ్నవి ఆఖరి పరీక్ష రాసి నవ్వుతూ వచ్చిన రోజు, పులిహోర చేసి చక్రధర్ వాళ్లింటికి పట్టుకెళ్లాను. నా తోటికోడలు నందిని తలుపు తీసి, చెయ్యి పట్టుకుని లోపల చక్రధర్ కూర్చున్న కంప్యూటర్ దగ్గరికి లాక్కెళ్లింది.

"సూడక్కా ఈ మనిషి పని! తన దాంట్లో బాగుండే ర్యామ్ పీకి నీ దాంట్లో పెట్టినాడు. నీ చెడిపోయింది తెచ్చి దీంట్లో పెట్టుకున్నాడు. పొద్దస్తమానం ఇది పడతానే ఉండాది, ఈయన లేపతానే ఉండాడు!"

ఇన్నాళ్లూ ఇతని మీద విసుక్కున్నందుకు సిగ్గేసింది.

"ఇదేనా అబ్బా దుమ్ము తుడిచేది?"

"నాది ఎట్లాగూ పోయేదే గదా వదినా" అని గొణిగాడు.

అంతలో తెర టక్కున నల్లబడి, మళ్లీ మొదటికొచ్చింది.

చక్రధర్ కుర్చీలోంచి లేచాడు. "చూసినారా! పోతాదని నేను చెప్పలేదా!"

పెళ్లి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ పడని నవ్వు ఆ ముఖాన అప్పుడు చూశాను. పులిహోర గిన్నె చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసి, "పాచిపోయుంటాది" అని, అడుగు దాకా ఊడ్చి తినేశాడు.