మా మరిది వెళ్ళిన బడి

పొద్దున్నే మా భవానీపురం వీధిలోకి ఏ స్కూలు వ్యాను వచ్చి హారన్ కొట్టినా, మా మరిది ఇడ్లీ పళ్ళెం వదిలి చెప్పులు వేసుకుంటాడు. తన వ్యాను రావడం మానేసి చాలా కాలమైందని నేను చెబుతాను. "సరే వదినా" అని మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. యాభై దాటిన మనిషి. ఆలోచన అయిదేళ్ళ పిల్లాడిది, ఆకలి మాత్రం అసలు వయసుదే. ఈవేళ కూడా అలాగే లేచాడు. నాకెందుకో చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. కాసేపు గుమ్మంలో నిలబడి తనే వచ్చేశాడు.

అత్తగారు ఉన్నంతకాలం అతను పామర్రులోనే ఉండేవాడు. అక్కడ అతని కోసం ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ అక్కర్లేకపోయింది. టీ కొట్టువాళ్ళు బల్ల మీద కూర్చోబెట్టుకునేవారు, దారి తప్పితే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చేవారు. అత్తగారు పోయాక మావారు అతన్నీ, ఒక బట్టల సంచీనీ, ఒక రోకలినీ కారులో ఎక్కించుకుని వచ్చారు. రోకలి ఎందుకని అడిగితే, వాడు వదల్లేదన్నారు. ఇక్కడేమో అపార్ట్‌మెంటు, అన్నీ మూసిన తలుపులే. నేను స్కూల్లో టీచర్ని, ఆయనది ఆఫీసు ఉద్యోగం. వంతులవారీగా సెలవులు పెట్టి, అవన్నీ అయిపోయాక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అప్పుడు తెలిసింది, గొల్లపూడి వెళ్ళే దారిలో ఒక టీచరుగారు అద్దె ఇంటి కింది భాగంలో ఇలాంటి వాళ్ళ కోసం బడి నడుపుతున్నారని. ఆవిడ వాళ్ళందరినీ "మా పిల్లలు" అనేవారు, ఒకాయనకి జుట్టు సగం నెరిసినా సరే. పొద్దున్నే బడి వ్యాను వచ్చి తీసుకెళ్ళేది. మా వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పడానికి ఒక వానాకాలమంతా పట్టింది. అన్నీ సరిగ్గా పెట్టుకుని వచ్చిన రోజున మావారు బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నారు. తర్వాత దీపం వత్తులు చేయడం నేర్పారు. అందులో అందరికన్నా దిట్ట, వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం చేసే ఒక ముస్లిం కుటుంబం వారి అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా, ఒకే కొలతన, నూలు పోగులా చేసేది. "మా అమ్మాయి లేకపోతే మీ దేవుళ్ళు చీకట్లో ఉండాల్సిందే" అని వాళ్ళమ్మ నవ్వేది.

కొన్నేళ్ళకు ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతామని ఓనరు చెప్పాడు. టీచరుగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. మమ్మల్నందరినీ పిలిపించి, పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పారు. "నాకింక ఓపిక లేదండీ. నా తర్వాత ఎవరైనా అందుకుంటారేమోనని ఇన్నాళ్ళూ చూశాను." తమ తర్వాత ఎవరన్న ప్రశ్న అక్కడున్న ప్రతి తల్లికీ ఉన్నదే.

ఇంకెక్కడ చూసినా చిన్నపిల్లల బళ్ళే తప్ప పెద్దవాళ్ళని చేర్చుకునే చోటు దొరకలేదు. చివరికి మంగళగిరి దగ్గర ఒక హాస్టల్లో చేర్చాం. మంచివాళ్ళే, శుభ్రంగానే ఉంది. అతను లేని ఆ రోజుల్లో నేను మధ్యాహ్నాలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానన్నదీ నిజమే. ఆదివారం చూడటానికి వెళ్ళేసరికి, వరండాలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వచ్చిన మర్నాటి నుంచీ అలాగే కూర్చుంటున్నాడనీ, అన్నం కూడా అక్కడే పెడుతున్నామనీ ఆయా చెప్పింది. నన్ను చూసి అతను ఏడవలేదు.

"వదినా, పోదామా?" అన్నాడు.

మావారు నన్నేమీ అడక్కుండా ఆఫీసు గదిలోకి వెళ్ళి, తీసుకెళ్ళిపోతామని చెప్పి వచ్చారు. ఆటోలో అతను సంచీ ఒళ్ళో పెట్టుకుని మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. నాకు ఊరట కలిగింది. దాంతోపాటే ఒళ్ళంతా బరువెక్కింది.

ఆ వారంలోనే వత్తులమ్మాయి వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోకుండానే అంది: "అక్కా, మీ మరిదిని ఒకరోజు మా ఇంటికి పంపండి. మర్నాడు మా అమ్మాయి మీ ఇంటికొస్తది. రోజుకి ఒక్కళ్ళమైనా నడుం వాల్చుకుంటాం." వయసొచ్చిన ఆడపిల్లని పంపడానికి వాళ్ళాయన కొన్నాళ్ళు తటపటాయించారు, మా బంధువులూ ఏదో అన్నారు. ఇద్దరు ఆడవాళ్ళం ఎవరింట్లో వాళ్ళం గది వదలకుండా కూర్చున్నాం. క్రమంగా అందరూ ఊరుకున్నారు. అప్పటికే నేను రిటైరయ్యాను. దూది, పళ్ళెం, ఫ్యాను, ఇద్దరూ వత్తులు చేస్తుంటే నేను కునికిపాట్లు పడటం, ఇదే ఇప్పుడు మా బడి.

మొన్న ఆ అమ్మాయి వాళ్ళమ్మకి గుండెకు స్టెంటు వేశారు. చూడటానికి వెళ్తే, "ఇట్టా ఎన్నాళ్ళక్కా?" అంది. నువ్వు లేచి తిరిగేవరకూ పిల్లలిద్దరూ మా ఇంట్లోనే ఉంటారులే అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని తలూపింది. రాబోయే ఏళ్ళ గురించి ఆలోచించే ఓపిక మా ఇద్దరికీ ఎప్పుడో అయిపోయింది. రేపటికి సరిపడా మాత్రం ఎలాగో మిగులుతూనే ఉంది.