ఆదివారం మైక్రోస్కోపు తెచ్చే మేడం

మా మేడం పోయారు. పొద్దున ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు ఉండగా ఫోనొచ్చింది. చేతిలో ఉన్న స్లైడ్లు చూడటం పూర్తిచేసే బయల్దేరాను. సగంలో వదిలి వస్తే ఆమెకు నచ్చేది కాదు.

ఆమె మా బడి టీచరు కాదు. నగరానికి అవతలి వైపున్న పరిశోధనశాలలో మలేరియా మీద పనిచేసేవారు. ఆదివారాలు మాత్రం మైక్రోస్కోపును తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, రిక్షాలో దబీర్‌పురాలోని మా బడికి వచ్చేవారు. ఉప్పుగూడ నుంచి నాలాంటి దళిత క్రైస్తవ పిల్లలం, చుట్టుపక్కల గల్లీల ముస్లిం అమ్మాయిలు ఆమె చుట్టూ మూగేవాళ్లం. మొదటి రోజే మా రక్తం మాకే చూపించారు. స్లైడ్లు కలిసిపోయి ఎవరిదేదో తెలియలేదు. "గుర్తుపట్టుండ్రి జూద్దాం," అని ఆమె నవ్వారు.

మెట్రిక్ అయ్యాక మా నాన్న నన్ను నర్సు ట్రైనింగులో వేద్దామనుకున్నారు. ఆయన రైల్వేలో ఖలాసీ. అది తెలిసి, నన్ను పరిశోధన దాకా చదివించమని అడగడానికి మేడం మా ఇంటికొచ్చారు.

"నర్సయితే జల్ది నౌకరొస్తదమ్మా. గీ పరిశోధనంటే ఏంది? ఎన్నేండ్లు జదవాలె?" అన్నారు నాన్న.

"చానేండ్లు పడ్తదన్నా. నౌకరీ పక్కా అని మాటియ్యలేను. కానీ పిల్లకు గీ పని మీద మస్తు పాణం."

"ఆడ మావోళ్లెవరన్న ఉన్నరా?"

"లేరన్నా. గందుకే వచ్చిన."

"మరి ఒక్కదాన్నే ఎట్ల తోలాలె?" అన్నారు నాన్న.

"ముందు మీరు రాండ్రి. చూసినంక చెప్పుండ్రి."

నాన్నకు సెలవున్న రోజున ముగ్గురం బస్సులో ఆ పరిశోధనశాలకు వెళ్లాం. అక్కడొక పెద్ద సార్ ఇంగ్లీషులో మొదలుపెడితే మేడం ఆపారు. "తెలుగుల చెప్పండి సార్. పిల్ల తండ్రి వచ్చిండు." తన కుర్చీలో నాన్నను కూర్చోబెట్టి, ఆయన వేలి నుంచి చుక్క రక్తం తీసి మైక్రోస్కోపులో చూపించారు. "గివన్నీ నా ఒంట్లయేనా?" అంటూ నాన్న కన్ను తియ్యలేదు. ఆ సాయంత్రం అమ్మతో, "పోనియ్. ఆడ గూసునేటోళ్లు గూడ మనుషులే," అన్నారు.

డిగ్రీలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మానేస్తానని ఏడుస్తూ మేడం దగ్గరికి వెళ్తే, "రక్తానికి ఇంగ్లీషొస్తదా? నేర్చుకుందువు గాని, ఫికర్ చెయ్యకు," అని తన పక్కనే కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచారు. పరీక్షలయ్యేదాకా ప్రతి సాయంత్రం అలాగే గడిచింది.

అందరి విషయంలోనూ ఇలా జరగలేదు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపేవాళ్ల అమ్మాయి కూడా మా బడిదే, నాకన్నా చురుకైనది. మేడం ఎన్నిసార్లు వెళ్లి చదివించమని అడిగినా ఇంట్లో ఒప్పుకోలేదు, పెళ్లి చేసేశారు. ఆ పెళ్లికి మేడం వెళ్లారు, భోజనం చేశారు.

ఇప్పుడు నేను అదే పరిశోధనశాలలో ఉన్నాను. ఆమె రిటైరయ్యాక కూడా బడి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. పోయిన నెల వచ్చినప్పుడు, దోమకు మలేరియా ఎందుకు రాదని ఒక పిల్ల అడిగింది. మేడం, "పైన ఒకాయన దోమల మీదనే పనిచేస్తడు, పోయి అడుగుదాం పా," అన్నారు. ఆ పిల్ల రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెత్తింది. మేడం రెయిలింగు పట్టుకుని, మోకాలి నొప్పితో ఆగి ఆగి, "నన్నిడిసి అడగకు, నేను గూడ ఇనాలె!" అని అరుస్తూ వెనకాలే ఎక్కారు.